చిన్న స్పీకర్లు, బేస్ లేదు. పెద్ద యాంప్ కొనాలా? (నెల్లూరు)

పొగతోట_శీను
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు నెలల కిందట చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఒక జత కొన్నాను. 5 అంగుళాల ఊఫర్, వెనకాల పోర్టు (గాలి వదిలే గొట్టం). 6 ఓమ్స్, 85 డీబీ (ఒక వాటుకి ఇచ్చే శబ్దం) అని వెనక రాసి ఉంది. కాగితం ప్రకారం 55 హెర్ట్జ్ నుంచి పలకాలి. యాంప్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న క్లాస్ డి డబ్బా. లోపల టీపీఏ 3116 చిప్పు, పైన 50+50 వాట్స్ అని అచ్చేశారు.

గొంతులు బ్రహ్మాండం. బాలు గారు పక్కన కూర్చుని పాడినట్టే ఉంటుంది (మా ఊరాయన, ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది లెండి). కింద మాత్రం ఏమీ లేదు. డోలు కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. షాపులో అడిగితే "వంద వాట్ల యాంప్ పెట్టండి సార్, అదిరిపోద్ది" అన్నారు. 14 వేలు. పెట్టమంటారా?

గూడూరు_డీజే
సోమవారం, రాత్రి 9:52

పెట్టెయ్ అన్నా, ఆలోచన ఎందుకు. వాట్స్ ఉంటేనే బేస్. మేము పెళ్ళిళ్ళకి 15 అంగుళాల బాక్సులు పెడతాం, ఒక్కోదానికి వెయ్యి వాట్లు. పొట్టలో తగలాలి.

కావలి_లెక్చరర్
సోమవారం, రాత్రి 10:30

డీజే తమ్ముడూ, నీ లెక్క నీ బాక్సులకి కరెక్టే. శీను గారి స్పీకర్లకి కాదు.

బేస్ అంటే గాలిని నెట్టడం. 5 అంగుళాల ఊఫర్‌లో నిజంగా కదిలే కోన్ (ముందుకీ వెనక్కీ ఆడే గిన్నె లాంటి భాగం) వైశాల్యం సుమారు 85 చదరపు సెంటీమీటర్లు. మీ 15 అంగుళాలది దానికి పదింతలు. పైగా 100 హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం వచ్చిందో 50 దగ్గర కూడా అంతే రావాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం ఆడాలి. చిన్న ఊఫర్ ముందుకీ వెనక్కీ ఆడేది కొన్ని మిల్లీమీటర్లే. ఆ హద్దు దాటాక యాంప్ ఎంత పెద్దదైనా కోన్ కొట్టుకోవడమే తప్ప బేస్ రాదు.

ఇంకో సంగతి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీ. వింటే "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డీబీ, అంటే పదింతల పవర్. 50 తీసి 100 పెట్టడానికి 14 వేలు అంటే నాకైతే మనసొప్పదు.

ఒంగోలు_పాత_మెకానిక్
మంగళవారం, ఉదయం 5:48

శీనయ్యా, రేడియోలూ టేపు రికార్డర్లూ బాగుచేసి నలభై ఏళ్ళు బతికినోణ్ణి. కొనే మాట తర్వాత చూద్దాం. ముందు వీటికి జవాబులు చెప్పు.

యాంప్‌కి ఇచ్చిన అడాప్టర్ ఎన్ని వోల్టులు? దాని మీద రాసుంటుంది.
స్పీకర్లకి వేసిన వైరు ఎంత లావు, ఎంత పొడవు?
గది ఎంత, స్పీకర్లు యాడ పెట్టావు, నువ్వు యాడ కూర్చుంటావు?
రెండు స్పీకర్లకీ ప్లస్సు మైనస్సు సరిగ్గా కలిపావా?
ఫోన్లో ఈక్వలైజర్ గానీ బేస్ బూస్ట్ గానీ పెట్టావా?

పొగతోట_శీను
మంగళవారం, ఉదయం 8:15

బాబాయ్, ఆఫీసుకి పోతా రాస్తున్నాను.

అడాప్టర్ 12 వోల్టులు, 5 ఆంపులు. యాంప్‌తో పాటే వచ్చింది.
వైరు ఇంట్లో ఉన్న సన్న ఫ్లెక్సిబుల్ వైరు, ఒక్కోదానికి 8 మీటర్లు. గది చుట్టూ తిప్పి తెచ్చాను, మా ఇంట్లో వైరు కనపడకూడదు.
గది 10 అడుగులు, 12 అడుగులు. స్పీకర్లు గోడకి మూడడుగుల దూరంలో ఉండాలని ఎక్కడో చదివి స్టూళ్ళ మీద ముందుకి లాగి పెట్టాను. సరిగ్గా గది మధ్యలో కుర్చీ వేసుకుంటాను.
ప్లస్సు మైనస్సు రంగులు చూసి కలిపాను, కరెక్టే.
బేస్ బూస్ట్ ఫుల్లుగా పెట్టాను. ఏమీ రాకపోతే ఏం చెయ్యమంటారు మరి!

గూడూరు_డీజే
మంగళవారం, ఉదయం 8:21

12 వోల్టులా! అన్నా, అది కారు బ్యాటరీ రా సామీ.

కావలి_లెక్చరర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

డీజే నవ్వుతూ అన్నా అసలు దొంగల్లో ఒకడు దొరికాడు. ఈ చిప్పులో వోల్టేజీ పెంచే ఏర్పాటేమీ ఉండదు. స్పీకర్‌కి పంపగలిగే గరిష్ఠ వోల్టేజీ అడాప్టర్ ఇచ్చినంతే. 12 వోల్టుల పీక్, 6 ఓమ్స్ లోడ్: 12ని 12తో గుణించి, 6కి రెట్టింపుతో భాగించండి. 12 వాట్లు. అది కూడా కాగితం మీద. శుభ్రంగా వచ్చేది 10. చిప్పు తయారుచేసిన కంపెనీ వాళ్ళు 50 వాట్లు అన్నమాట నిజమే, కానీ అది 21 వోల్టులిచ్చి 4 ఓమ్స్ స్పీకర్ పెడితే. మన డబ్బా మీద ఆ షరతు అచ్చేయలేదు, వాట్లు మాత్రం అచ్చేశారు.

ఇప్పుడు బేస్ బూస్ట్ సంగతి. 6 డీబీ పెంచితే ఆ కింది స్వరాలకి నాలుగింతల పవర్ కావాలి. ఉన్నదే 10 వాట్లు. పాట మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక వాటు కూడా ఖర్చు కాదు గానీ డోలు దెబ్బ పడ్డ క్షణంలో సగటు కంటే 15 డీబీ పైకి పోవచ్చు. 15 డీబీ అంటే ముప్ఫై రెట్లు. అక్కడ యాంప్ తల నేలకి తగులుతుంది, దెబ్బ గుండ్రంగా రాకుండా పైన కోసేసినట్టు వస్తుంది. మీరన్న అట్టపెట్టె శబ్దంలో ఇదీ ఒక భాగం.

ఇంకొకటి. పోర్టు ఉన్న పెట్టె దాని ట్యూనింగ్ (పోర్టు పలికే హెర్ట్జ్) కంటే కిందికి పోతే ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, 24 డీబీ చొప్పున పడిపోతుంది. ఆ కింద కోన్‌ని పట్టుకునే గాలి కూడా ఉండదు, ఊరికే ఊగులాడుతుంది. అక్కడ బూస్ట్ చేస్తే రావాల్సిన బేస్ రాదు, ఉన్న పవరూ పోతుంది.

ఒంగోలు_పాత_మెకానిక్
మంగళవారం, సాయంత్రం 6:30

మాస్టారు చెప్పింది సరిగ్గా ఉంది. నేను చేతిపని చెబుతాను.

ఇంట్లో పాత లాప్‌టాప్ అడాప్టర్ ఉందా? చాలావాటికి 19 వోల్టులు, 4 ఆంపులకి పైనే ఉంటుంది. అది పెట్టు. 12కి బదులు 19 అంటే వాట్లు రెండున్నర రెట్లవుతాయి. చిప్పు 26 వోల్టుల దాకా తట్టుకుంటుంది గానీ నువ్వు 24 జోలికి పోమాక. ఆ చవక బోర్డుల్లో ఫిల్టర్ కెపాసిటర్లు 25 వోల్టులవే వేస్తారు కొందరు. మూత తీసి చూశాక అయితే సరే. లాప్‌టాప్ పిన్ను లావు, నీ యాంప్ బొక్క కొలత, మధ్యలో ప్లస్సు ఉందా లేదా అనేది చూసుకుని మరీ గుచ్చు.

వైరు. సన్న వైరు అర చదరపు మిల్లీమీటరు అనుకుందాం. 8 మీటర్లంటే పోనూ రానూ 16 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్సు 0.6 ఓమ్. 6 ఓమ్స్ స్పీకర్ ముందు పదో వంతు వైరే తినేస్తోంది. కరెంటు షాపులో 1.5 వైరు అడుగు, 0.2కి దిగుతుంది. మీటరు వేలల్లో అమ్మే ఆడియో కేబుళ్ళ జోలికి మటుకు పోవద్దు, కరెంటు వైరులో ఉన్నదీ రాగే.

ఇక ప్లస్సు మైనస్సు. రంగులు చూశాను అంటే నేను ఒప్పుకోను. సెకండ్ హ్యాండ్ సరుకు కదా, లోపల ఎవడు చెయ్యిపెట్టాడో ఎవరికి తెలుసు. యాంప్ నుంచి వైర్లు ఊడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు తీసుకో. సెల్లు ప్లస్సు స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కి, మైనస్సు నల్లదానికి ఒక్క క్షణం తాకించు. కోన్ బయటికి రావాలి. రెండూ బయటికే రావాలి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ పోతే, ఒకడు నెట్టిన గాలిని ఇంకొకడు లాగేసుకుంటున్నట్టే. ముందు పోయేది బేసే.

చీమకుర్తి_రాయి
మంగళవారం, రాత్రి 8:05

స్టూళ్ళ మీద పెట్టాడంట! ప్లాస్టిక్ స్టూళ్ళేనా? మా దగ్గర గెలాక్సీ గ్రానైట్ ముక్కలు ఊరికే పడుంటాయి, కటింగ్‌లో మిగిలినవి. అడుగు చదరం, రెండు సెంటీమీటర్ల మందం ముక్క ఒక్కోటి ఐదు కిలోల దాకా తూగుతుంది. ఒంగోలు వైపు వస్తే నాలుగు ఇస్తాను, డబ్బులొద్దు.

కావలి_లెక్చరర్
మంగళవారం, రాత్రి 8:40

రాయి గారూ, మీ రాయి మంచిదే. కానీ రాయి వల్ల బేస్ పుట్టదు, స్టూలు ఊగడం తగ్గుతుంది. కింద రబ్బరు ముక్కలు వెయ్యకపోతే గ్రానైట్ తానే గంటలా మోగుతుంది.

అసలు సమస్య మూడడుగుల దూరమే. కోన్ నుంచి వెనక గోడకి 0.9 మీటర్లు. గోడకి తగిలి తిరిగొచ్చే అల 95 హెర్ట్జ్ ప్రాంతంలో సరిగ్గా ఎదురు పడి కొట్టేస్తుంది. డోలు ఒంటి శబ్దం, బేస్ గిటార్ స్వరాలు, అన్నీ ఆ చుట్టుపక్కలే. ఆ మూడడుగుల సలహా పెద్ద హాళ్ళకి, పెద్ద స్పీకర్లకి. చిన్న స్పీకర్‌కి గోడ చుట్టం. అడుగు దూరానికి జరపండి, పోర్టు గాలి పీల్చుకోవడానికి ఆ చోటు చాలు. అప్పుడా కోత 290 దాకా పైకి పోతుంది, అక్కడ అంత తెలియదు. గోడ దగ్గరయ్యే కొద్దీ బేస్ దానంతటదే లేస్తుంది.

కుర్చీ కూడా. 10 అడుగుల గదిలో మొదటి నిలకడ అల (ఎదురెదురు గోడల మధ్య కదలక నిలిచిపోయే శబ్దం) 57 హెర్ట్జ్ దగ్గర ఏర్పడుతుంది. గోడల దగ్గర దాని ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా నడుమ సున్నా. మీరు కూర్చున్నది ఆ సున్నాలో. కుర్చీ రెండడుగులు వెనక్కి లాగండి.

అల్లూరు_రొయ్య
మంగళవారం, రాత్రి 10:15

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మాది ట్రాన్స్‌ఫార్మర్ యాంప్, లోపల 24-0-24. పగలు బేస్ బానే ఉంటుంది. రాత్రి చెరువుల్లో ఏరేటర్లన్నీ ఆన్ అయ్యాక మీటరు పెడితే 190 చూపిస్తోంది, పాట నీరసంగా వస్తోంది. భ్రమా నిజమా?

ఒంగోలు_పాత_మెకానిక్
బుధవారం, ఉదయం 5:35

నిజమే నాయనా. 24 ఏసీని 1.4తో గుణిస్తే 33 వోల్టుల డీసీ, అదీ 230 ఉన్నప్పుడు. 190కి పడితే 27 మిగులుతుంది. వాట్లలో మూడో వంతు పోయినట్టు. ముందు డోలు దెబ్బ తెగుతుంది, గొంతులకి అంత తెలియదు. శీను అడాప్టర్‌కి ఈ బాధ లేదు, అది 190 అయినా 230 అయినా అవే వోల్టులిస్తుంది. నువ్వు ఒక స్టెబిలైజర్ పెట్టుకో, ఫ్రిజ్జుది కూడా పనికొస్తుంది.

వేదాయపాళెం_వీణ
బుధవారం, ఉదయం 7:20

నాకు వాట్లు తెలియవు గానీ ఒకటి అడుగుతాను. నేను తెల్లవారుజామున చాలా తగ్గించి కచేరీలు వింటాను, పిల్లలు నిద్రలో ఉంటారు. అప్పుడు మృదంగం తొప్పి వైపు (బేస్ పలికే ముఖం) మాయమైపోతుంది, వలంతల (రెండో ముఖం) టకటక మాత్రం వినిపిస్తుంది. అదే సాయంత్రం పెంచి వింటే గుమికి (తొప్పి మీద పలికే జారుడు నాదం) చక్కగా వస్తుంది. స్పీకర్లు అవే, యాంప్ అదే. శీను గారు కూడా తగ్గించి వింటున్నారేమో?

కావలి_లెక్చరర్
బుధవారం, మధ్యాహ్నం 12:50

వీణ గారూ, మంచి ప్రశ్న. తప్పు మీ స్పీకర్లది కాదు, మన చెవిది. శబ్దం తగ్గేకొద్దీ చెవి కింది స్వరాల్ని ముందు వదిలేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. పాత యాంపుల్లో లౌడ్‌నెస్ అని ఒక మీట ఉండేది గుర్తుందా? అది దీనికోసమే. తగ్గించి వినేటప్పుడు బేస్ కొంచెం పెంచడం తప్పు కాదు, అప్పుడు యాంప్‌లో కావలసినంత పవర్ మిగిలే ఉంటుంది. పెంచి వినేటప్పుడు మాత్రం తీసెయ్యాలి. మనవాళ్ళు ఆ మీట నొక్కి వదిలేసేవారు, అందుకే దానికి చెడ్డపేరొచ్చింది.

వేదాయపాళెం_వీణ
బుధవారం, మధ్యాహ్నం 1:30

మృదంగం వాళ్ళు కచేరీకి ముందు తొప్పికి తడి రవ్వ ముద్ద అద్దుతారు, బరువు పెరిగి శ్రుతి కిందికి దిగుతుంది. మీ స్పీకర్లకి అద్దే రవ్వ ఏదైనా ఉంటే చెప్పండి మాస్టారూ :)

కావలి_లెక్చరర్
బుధవారం, రాత్రి 9:05

ఒక రకంగా ఉంది. బీబీసీ వాళ్ళు 1970లలో ఎల్‌ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకర్ చేశారు, అవుట్‌డోర్ ప్రసారాల బండిలో ఇరుకు చోట వినడానికి. ఎత్తు అడుగే, పోర్టు లేదు, మూసిన పెట్టె. నిజమైన లోతు బేస్ దానికి లేదు. మధ్య బేస్ దగ్గర చిన్న మూపురం మాత్రం ఉంటుంది, అందువల్ల విన్నవాళ్ళకి బేస్ ఉన్నట్టే తోస్తుంది. 80 హెర్ట్జ్ స్వరం పూర్తిగా రాకపోయినా 160, 240 వస్తే మెదడు 80ని తానే పూరించుకుంటుంది.

అయితే దానికి ఆకలి ఎక్కువ. సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకి వచ్చే శబ్దం, 83 డీబీ కూడా లేదు. చిన్న పెట్టె, లోతు బేస్, తక్కువ పవర్ మూడూ ఒకచోట దొరకవు. చిన్న పెట్టెలోంచి లోతు పిండితే సెన్సిటివిటీ పడిపోతుంది, ఆ లోటు యాంప్ కట్టాలి. చిన్న స్పీకర్‌కి బలమైన యాంప్ కావాలనే మాటలో ఉన్న నిజం ఇంతవరకే. ఇక 85 డీబీ స్పీకర్, 10 అడుగుల గది అయితే 30 నుంచి 50 అసలైన వాట్లు చాలు, నా లెక్కలో.

గూడూరు_డీజే
బుధవారం, రాత్రి 9:30

మా గోడౌన్లో పాత మైక్ సెట్ యాంప్ ఉంది, 150 వాట్లు. శీనన్నా, ట్రయల్‌కి ఇస్తా, ఆదివారం వచ్చి తీసుకుపో. వెనకాల 4, 8, 16 ఓమ్స్, 70 వోల్టులు, 100 వోల్టులు అని పాయింట్లుంటాయి, ఏదో ఒకదానికి తగిలించుకో.

ఒంగోలు_పాత_మెకానిక్
గురువారం, ఉదయం 5:40

ఏదో ఒకదానికా! ఒరే అబ్బాయ్, ఆ 100 వోల్టుల పాయింటు గుడి మీద హారన్లకి, వాటికి విడిగా లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాన్ని తిన్నగా 6 ఓమ్స్ స్పీకర్‌కి కలిపితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో, శీను కాయిలో, ఏదో ఒకటి పోతుంది. పైగా ఆ యాంపులకి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, మాట దూరం పోవడానికి చేసినవి. లోతు బేస్ వాటి పని కాదు.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (యాంప్ కోన్‌ని ఎంత గట్టిగా ఆపగలదో చెప్పే అంకె) 200, 500 అని షాపులో చెబితే కూడా నమ్మమాక శీనయ్యా. కోన్‌ని ఆపే బ్రేకు యాంప్‌ది మాత్రమే కాదు. స్పీకర్ కాయిల్ రెసిస్టెన్సే ఐదు ఓమ్స్ దాకా ఉంటుంది, అది ఎప్పుడూ దారిలో అడ్డమే. ఇరవై దాటాక నీ చెవికి ఏమీ తేడా తెలియదు. నీ సన్న వైరు దాన్ని పదికి దించేసింది, ముందు అది మార్చు.

పొగతోట_శీను
శనివారం, రాత్రి 10:50

ఆలస్యం అనుకోకండి, ఇంట్లో చుట్టాలు.

పెన్సిల్ సెల్లు పరీక్ష చేశాను. బాబాయ్, మీకు దణ్ణం. ఎడమది బయటికొచ్చింది, కుడిది లోపలికి పోయింది. మా ఆవిడ కూడా చూసింది, నాలుగుసార్లు తాకించాం. వెనక టెర్మినళ్ళ రంగులు మాత్రం పక్కాగా ఉన్నాయి. ఎవరో లోపల విప్పి తిరగేసి కలిపినట్టున్నారు. మూడు నెలలుగా వింటున్నాను నేను!

ఒంగోలు_పాత_మెకానిక్
శనివారం, రాత్రి 11:02

నిద్ర పట్టక చూస్తున్నా, మంచిదైంది. పెట్టె విప్పమాక, సీలు పోతే గాలి లీకవుతుంది. ఆ ఒక్క స్పీకర్‌కి బయట వైర్లు తిరగెయ్యి చాలు. వెనకాల ఒక చీటీ అంటించు, రేపు నువ్వు ఇంకొకరికి అమ్మితే వాడికి తెలియాలి.

పొగతోట_శీను
ఆదివారం, సాయంత్రం 5:15

వరసగా చెబుతాను.

ముందు వైర్లు తిరగేశాను. సగం రోగం అక్కడే పోయింది. పాట నడుమకి వచ్చి నిలబడింది, ఇదివరకు గది అంతా చెల్లాచెదురుగా ఉండేది.

తర్వాత స్పీకర్లు గోడకి అడుగు దూరానికి జరిపి, కుర్చీ వెనక్కి లాగాను. ఇది నేను ఊహించని తేడా. మాస్టారూ, కుర్చీలోంచి లేచి ముందుకి రెండడుగులు జరిగితే బేస్ తగ్గడం చెవితోనే తెలుస్తోంది!

ఆ తర్వాత లాప్‌టాప్ అడాప్టర్. ఇక్కడ కొంచెం నిరాశ. సౌండ్ ఏమీ పెరగలేదు, నాబ్ అదే చోట ఉంటే అంతే వస్తోంది. ఏమైనా తప్పు చేశానా?

కావలి_లెక్చరర్
ఆదివారం, సాయంత్రం 5:50

తప్పేమీ లేదు. యాంప్ ఎన్ని రెట్లు పెంచాలన్నది చిప్పులో ముందే కుదిర్చి ఉంటుంది, వోల్టేజీ మారితే అది మారదు. మారింది పైకప్పు ఎత్తు. నాబ్ ఇంకా తిప్పండి. ఇదివరకు డోలు పగిలినట్టు వచ్చిన చోట ఇప్పుడెలా ఉందో చూడండి. బేస్ బూస్ట్ తీసేసి.

పొగతోట_శీను
ఆదివారం, రాత్రి 8:40

తిప్పాను. పగలడం లేదు. డోలు దెబ్బ గుండ్రంగా పడుతోంది. కింద ఇంటివాళ్ళు పైకొచ్చి ఏమైందని అడిగారు.

లోతు బేస్ అయితే లేదు, అది ఒప్పుకుంటాను. సినిమా పెడితే పేలుళ్ళు తుస్సుమంటున్నాయి. పాటలకి నాకు చాలు. 1.5 వైరు రేపు ట్రంక్ రోడ్డులో కొంటాను.

గూడూరు_డీజే
ఆదివారం, రాత్రి 8:55

సినిమాకి సబ్ ఊఫర్ ఒకటి పడెయ్ అన్నా. 80 హెర్ట్జ్ కింద దానికి వదిలేస్తే నీ చిన్నవాటికి బరువు తగ్గిద్ది. నేను మొదట్నుంచీ చెబుతోంది అదే, గాలి కావాలంటే పెద్ద కోన్ కావాలి.

కావలి_లెక్చరర్
ఆదివారం, రాత్రి 9:10

తమ్ముడూ, నువ్వు మొదట చెప్పింది వాట్లు. ఇప్పుడు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. ఆ 14 వేలు దాచుకుని శీను గారు దానికే పెట్టుకోవచ్చు.

చీమకుర్తి_రాయి
ఆదివారం, రాత్రి 9:25

రాళ్ళు పక్కన పెట్టించాను. రబ్బరు ముక్కలు మీరే తెచ్చుకోవాలి.

పొగతోట_శీను
ఆదివారం, రాత్రి 9:40

వస్తా అన్నా, వచ్చే వారం ఒంగోలులో పెళ్ళి ఉంది. ఆ 12 వోల్టుల అడాప్టర్ ఎవరికైనా ఇద్దామనుకున్నాను గానీ మా వైఫై రౌటర్‌ది నిన్ననే పోయింది, దానికి తగిలించేశాను. బాగానే పనిచేస్తోంది.